ఏడో నంబరు ఇంట్లో మొలిచిన ముగ్గు

బుధవారం పొద్దున్న పైడిరత్నం వాకిలి ఊడ్చింది. కసవు పోయింది, ఆకులు పోయాయి, ముందురోజు వేసిన ముగ్గు మాత్రం పోలేదు. నీళ్ళు చల్లి మళ్ళీ ఊడ్చింది. చీపురు పుల్లలు రెండు విరిగాయి. ముగ్గు అలాగే ఉంది.

వంగి వేలితో తడిమి చూసింది. గీత వేలికి అడ్డంగా తగిలింది. నేల మీద సన్నటి తాడు పరిచి, తాడుతో పాటు పోత పోసేసినట్టుంది. చుక్కలైతే పెసరగింజల్లా గుండ్రంగా లేచి నిలబడ్డాయి.

"అత్తా! ఓపాలి ఇటు రా. ముగ్గు పోనేదు."

సూరమ్మ పొయ్యి దగ్గర నుంచే జవాబిచ్చింది. "పోకపోతే ఉంచు. రేపు మళ్ళీ ఎయ్యక్కర్నేదు."

"అది కాదత్తా, ముగ్గు ఎత్తుగా లెగిసిపోనాది."

"ముగ్గు లెగడమేటే? నీకింకా నిద్దర వొదల్నేదు."

సూరమ్మ అట్లకాడతో సహా వచ్చింది, చూసింది, నమ్మకం కుదరక బొటనవేలితో తన్నింది, "ఓలమ్మో" అని కాలు పట్టుకుని కూర్చుంది. తర్వాత అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒక్కసారే వీధి అటూ ఇటూ చూశారు. గబగబా గోనెసంచి తెచ్చి ముగ్గు మీద పరిచేశారు.

ఎందుకంటే సోమవారం కమిటీ వస్తోంది.

విశాఖపట్నంలో ఏ పాత ఇల్లు కూల్చినా, ఏ మేడ పడగొట్టినా ఆ ముక్కలన్నీ లారీల్లో వచ్చి పడే యార్డు పక్కనే వాళ్ళ ఏడో నంబరు ఇల్లు. ఆడవాళ్ళు ముక్కల్లోంచి ఇనుము, పెంకులు, వైర్లు ఏరతారు. మగవాళ్ళు యంత్రాలు నడుపుతారు. యార్డు చివర చిన్న ప్రయోగశాల ఉంది. అందులో హైమ మేడం పదేళ్ళు కూర్చుని కంటికి కనబడని ఒక రకం జీవుల్ని పెంచింది. ఆవిడ వాటికి పెట్టిన పేరు మూరెడు పొడుగు. యార్డులో ఎవరికీ నోరు తిరగక, అందరూ వాటిని మేస్త్రులు అంటారు. పాత కాంక్రీటు పిండిలో ఈ మేస్త్రుల్ని కలిపి, సీసాల్లో ఉండే గోధుమరంగు మేత పోసి, నీళ్ళు పట్టిస్తే చాలు. అవి మేత తింటాయి, సున్నం విడుస్తాయి, రేణువుకీ రేణువుకీ అతుకు వేస్తాయి. నాలుగు రోజుల్లో గోడ తయారు. బస్తా సిమెంటు అక్కర్లేదు, ఏట్లో ఇసుక తోడక్కర్లేదు, కొండ పేల్చక్కర్లేదు. మేత అయిపోగానే మేస్త్రులు గోడలోనే పడి నిద్రపోతాయి.

అలా కట్టినవే ఈ పది ఇళ్ళు. యార్డులో పనిచేసే పది కుటుంబాలకు ఇచ్చి ఏడాది కాపురం ఉండమన్నారు. ఇంటిని ఉన్నదున్నట్టు ఉంచాలి. ఏడాది తిరిగాక కమిటీ వచ్చి చూస్తుంది. తొమ్మిది ఇళ్ళు ఉన్నవాళ్ళకే రాసిచ్చేస్తారు. ఒక్కదాన్ని మాత్రం కూల్చి, పిండిచేసి, ఆ పిండితో మళ్ళీ కట్టి చూస్తారు. రెండోసారి కూడా పనికొస్తేనే కదా ప్రయోగం గెలిచినట్టు! కూల్చేది ఏ ఇల్లు అంటే, ఏడాదిలో ఎక్కువ మార్పు వచ్చిన ఇల్లు. అందులో ఉన్నవాళ్ళు మళ్ళీ పాత రేకుల షెడ్డుకే పోవాలి.

రేకుల షెడ్డు రత్నానికి బాగా తెలుసు. ఎండాకాలం ఒళ్ళంతా చెమటకాయలు. వానాకాలం ఇల్లంతా గిన్నెలు. కూతురు మోక్షిత పుట్టిన నెలలో ఉయ్యాలను రోజుకు ఐదు చోట్లకు మార్చి కట్టేవారు, కారని చోటు వెతుక్కుంటూ.

అందుకే సోమవారం దగ్గరపడుతున్న కొద్దీ పది ఇళ్ళలోనూ ఒకటే హడావుడి. ఎవరి పగుళ్ళు వాళ్ళు దాచుకుంటున్నారు. ఆరో నంబరు మంగవేణి ఇంట్లో గోడకు ఆరు కేలండర్లున్నాయి, అందులో నాలుగు పోయినేడాదివి. పదో నంబరువాళ్ళు ఒక్క గోడకు పద్నాలుగు దేవుడి పటాలు తగిలించి, ఉన్నట్టుండి మహా భక్తులైపోయారు. రత్నం ఇంట్లో మాత్రం వెంట్రుకవాసి పగులు లేదు. నిన్నటి దాకా ఆ గీర కొంచెం ఉండేది కూడా.

ఇప్పుడు ముగ్గు మొలిచింది.

మిగతా తొమ్మిది వాకిళ్ళలోనూ ముగ్గులున్నాయి, అవేవీ మొలవలేదు. ఎందుకంటే వాళ్ళంతా అంగట్లో దొరికే ముగ్గురాయి పొడితో వేస్తారు. రత్నం కూడా అలాగే వేసేది. పోయిన వారం మోక్షిత పాకుతూ వాకిట్లోకి వచ్చి, ముగ్గులో వేలు ముంచి నోట్లో పెట్టుకోబోయింది. రత్నం పరుగున వెళ్ళి ఆ వేలు లాగేసింది. పదో తరగతి సగంలో ఆమె చదువు ఆగిపోయేనాటికి సైన్సు పుస్తకంలో మూత్రపిండాల పాఠం నడుస్తోంది. తర్వాతి పాఠాలు ఆమెకు తెలియవు. అందుకని ఆమె భయాలన్నీ మూత్రపిండాల దగ్గరే ఆగిపోయాయి. రాతిపొడి పిల్ల కడుపులోకి పోతే ఏమవుతాయి? మూత్రపిండాలు పోతాయి. ఆ మర్నాటి నుంచి రత్నం బియ్యప్పిండితో ముగ్గు పెట్టడం మొదలుపెట్టింది.

గురువారానికి ముగ్గు వేలెడు ఎత్తు లేచింది. గోనెసంచి చిన్న గుడారంలా నిలబడింది. యార్డులో రోజంతా ఎగిరే కాంక్రీటు దుమ్ము వచ్చి దాని మీద వాలుతోంది, వాలిన దుమ్ము వాలినట్టే అతుక్కుపోతోంది. బయటికి తెరుచుకునే జాలీ తలుపు సగంలో ఆగిపోతోంది.

మంగవేణి చీపురు పట్టుకుని గోడ మీదుగా తొంగిచూసింది. "ఏటి రత్నం, సంచి కింద కోడిని పొదగేసినావేటి?"

"నువ్వేటి కొత్త ఏడాదొచ్చి ఆర్నెల్లయినా పాత కేలండర్లు దించనేదు?"

ఇద్దరూ ఎవరి వాకిలి వాళ్ళు ఊడ్చుకున్నారు.

సాయంత్రం పని దిగి వచ్చిన అసిరినాయుడు సంచి తట్టుకుని బోర్లాపడ్డాడు. అతను రత్నం మొగుడు, యార్డులో పొక్లెయిను నడుపుతాడు. ఏ ఇల్లు కూల్చాలన్నా కూల్చేది అతనే.

"ఏటే ఇది?"

"ముగ్గు, మావా."

అసిరినాయుడు కాసేపు ముగ్గును, కాసేపు మోకాలిని చూసుకున్నాడు. "పదేళ్ళ నించి మేడలు కూలుస్తన్నాను. ఒక్కటీ నన్ను పడగొట్టనేదు. ఇదేటే ముగ్గు పడగొట్టీసింది?"

శుక్రవారం ఇంట్లోపల కూడా మొదలైంది. రత్నం చీర కుచ్చెళ్ళు దేనికో తగులుకున్నాయి. చూస్తే నేల మీద బొడిపె. దాని పక్కన ఇంకోటి. వంటింటికీ ముందుగదికీ మధ్య బెత్తెడు మందాన ఉన్న అడ్డగోడకు, కింది వైపు, ఐదు చిన్న వేళ్ళతో ఒక చెయ్యి మొలిచింది. దాని పక్కన ఇంకో చెయ్యి. కొంచెం ఎగువన ఒక ముక్కు, గడ్డం.

ఆ చేతులు మోక్షితవి. పిల్లకు రోజూ బియ్యం వేయించి, విసిరి, ఉగ్గు కాచి పెడుతుంది. ఉమ్మినచోటల్లా బొడిపె. ఉగ్గు చేతులతో గోడను తట్టినచోటల్లా చెయ్యి. ముగ్గు బియ్యప్పిండి. ఉగ్గు బియ్యప్పిండి. వాకిట్లో రోజూ పిండీ నీళ్ళూ అందేసరికి మేస్త్రులు మళ్ళీ లేచి, ఇంట్లోకీ పాకాయి. బియ్యప్పిండి దొరికినచోటల్లా పని మొదలెట్టాయి.

మరి బియ్యప్పిండి ఎక్కువ ఎక్కడుంది? పిల్ల కడుపులో.

రత్నం పిల్ల పొట్ట నొక్కి చూసింది. గట్టిగానే ఉంది. మోక్షిత కితకితలనుకుని నవ్వింది. రత్నానికి ఏడుపొచ్చింది. "అత్తా, పిల్ల దొడ్డికెల్లి రెండ్రోజులయింది. లోపల గోడ కట్టేస్తన్నాయేమో!"

"నోరు ముయ్యవే! నిన్న సందకాడ ఆ మంగవేణి అరటిపండు తినిపించింది." అలా అందిగానీ సూరమ్మ కూడా వచ్చి మనవరాలి పొట్ట మీద చెవి ఆనించింది. "చప్పుడేటీ నేదు. మేస్త్రులుంటే చప్పుడుండదేటి?"

"మేడంగారిని అడుగుతాను."

సూరమ్మ తలుపుకు అడ్డం నిలబడింది. "అడిగితే ఇదంతా సెప్పాలి. సెప్తే ఇల్లు పోతాది. సోమవారం దాకా ఓర్సుకో. కమిటీ వొచ్చి సంతకాలెట్టీసినాక అడుగు."

ఆ రాత్రి రత్నం ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించింది. ఇల్లు కావాలి. పిల్లకోసమే కావాలి. పిల్లకేదైనా అయితే ఆ ఇంట్లో ఎవర్ని పెట్టుకుని ఉంటుంది?

శనివారం పొద్దున్నే పిల్లను చంకనేసుకుని ప్రయోగశాలకు వెళ్ళి, ముగ్గు నుంచి ముక్కు దాకా అంతా చెప్పేసింది.

హైమ మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "బియ్యప్పిండా? నేను పదేళ్ళుగా సీసాల్లో మేత తెప్పిస్తున్నానమ్మా..."

"మేడంగారూ, ముందు పిల్ల."

"పిల్లకేం కాదు. మనిషి ఒంటి వేడికే వాటికి ప్రాణం సొమ్మసిల్లుతుంది. పైగా కడుపులో పులుపు ఉంటుంది. పులుపులో పడితే అవీ చస్తాయి, అవి కట్టిందీ కరిగిపోతుంది."

"మరి దొడ్డికి గట్టిగా..."

"అరటిపండు ఆపు. నీళ్ళు పట్టు."

"మూత్రపిండాలకి?"

"ఏమీ కాదు రత్నం."

రత్నం గుండెల మీంచి పెద్ద బండ దిగింది. దిగీ దిగగానే రెండో బండ గుర్తొచ్చింది. "సోమవారం మా ఇల్లు కూల్చేస్తారా మేడంగారూ?"

హైమ మేడం బల్ల మీది కాగితాలు సర్దింది. "నేను అబద్ధం రాయలేనమ్మా. రాస్తే రేపు ఇలాంటి ఇల్లు ఇంకెక్కడో ఎవరి నెత్తిమీదో పడుతుంది. ఒక ఇల్లు ఎలాగూ కూల్చాలి. మార్పు ఎక్కువ వచ్చింది మీ ఇంట్లోనే." చెబుతున్నంతసేపూ ఆవిడ మోక్షిత వైపు చూడలేదు.

ఆదివారం సూరమ్మ కోడలితో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా ఊరుకోలేదు. పోతే పోయింది, మెరిసే సామానుతోనే షెడ్డుకు పోదామని, ఇత్తడి బిందె, చెంబులు వాకిట్లో వేసుకుని చింతపండు పెట్టి కసాకసా తోమడం మొదలెట్టింది. పులుసు నీళ్ళు కాలువ కట్టి సంచి కిందకు పారాయి. సంచి కింద చుయ్యిమని చప్పుడయింది.

రత్నం సంచి తీసింది. ముగ్గు నురగ కక్కుతోంది. ముట్టుకుంటే గీత వేలికి ఇసుకై వచ్చింది.

"కడుపులో పులుపు!" అని కేకపెట్టింది రత్నం.

"నా కడుపులో మంటుంది, పులుపెక్కడిది?"

"అత్తా, ఇంట్లో చింతపండు ఎంతుందో అంతా తే!"

సూరమ్మకు అర్థమయ్యేసరికి రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక ఆవిడను ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఏడాదికని దంచి ఉండలు చేసి జాడీలో దాచిన చింతపండంతా గంగాళంలో నానేసింది. రత్నం కొబ్బరిపీచు తీసుకుని ముగ్గు తోమింది, నేలమీది బొడిపెలు తోమింది, గోడమీది ముక్కూ గడ్డం తోమింది. ఒక చెయ్యి తోమింది. రెండో చెయ్యి మాత్రం తోమలేకపోయింది. ఆ బుల్లి అరచేతి మీద తన అరచెయ్యి పెట్టి చూసుకుని, ఇదొక్కటీ ఎవరూ చూడరులే అని దాని ముందు బియ్యం డబ్బా జరిపింది.

మధ్యాహ్నానికి ఇల్లు కొత్తదానిలా ఉంది. రత్నం పిల్లను పక్కన వేసుకుని నిద్రపోయింది. గంగాళంలో ఇంకా సగం పులుసు మిగిలింది. సూరమ్మ మిగిలింది.

సూరమ్మకు అడ్డగోడ అంటే మొదట్నుంచీ గిట్టదు. పొయ్యి దగ్గర నిలబడితే టీవీ కనబడదు. ఏడాదిగా సీరియల్లో ఏడుపులు వినడమే గాని ఎవరు ఏడుస్తున్నారో తెలియదు. గోడకు ఒక్క చిన్న కన్నం ఉంటే చాలు, కమిటీవాళ్ళకు కనబడకుండా ఏ గిన్నెల బుట్టో అడ్డం పెట్టుకోవచ్చు. చెంబుతో పులుసు ముంచి గోడ మీద మెల్లగా పోసింది. నురగొచ్చింది. ఇంకో చెంబు పోసింది. చెయ్యి తిరిగాక చెంబులు లెక్కపెట్టలేదు.

సోమవారం పది గంటలకు కమిటీ ఏడో నంబరు ఇంటికి వచ్చేసరికి అడ్డగోడలో నిలువెత్తు గండి ఉంది. గండికి ఇటువైపు ఇసుక కుప్ప, అటువైపు కంకర కుప్ప. మధ్యలోంచి మోక్షిత వంటింట్లోకీ ముందుగదిలోకీ హాయిగా పాకుతూ తిరుగుతోంది. చైర్మన్ సదాశివరావు గారు పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన జాలీ తలుపు తీసి లోపలికి చూసి, మళ్ళీ బయటికి వచ్చి ఇంటి నంబరు సరిచూసుకున్నారు.

"గోడ ఏదమ్మా?"

"కూకోండి బాబూ, టీ ఎడతాను" అంది సూరమ్మ.

ఈసారి కూడా రత్నమే చెప్పింది. చెబుతుంటే చైర్మన్ గారి చేతిలో కలం ఆగిపోయింది. ఆఖరికి ఆయన నిట్టూర్చి, "ఇక వేరే ఇల్లు చూడక్కర్లేదు. కూల్చేది ఇదే. బండి రమ్మనండి" అన్నారు.

బండి వచ్చింది. పైన అసిరినాయుడు. అతను పొక్లెయిను చెయ్యి పైకెత్తాడు. తన ఇంటి కప్పు మీదకు తిప్పాడు. అక్కడే ఆపేశాడు. ఇంజను ఆపి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "పిల్ల లోపలుంది సార్" అన్నాడు. పిల్ల అప్పటికి చైర్మన్ గారి కాళ్ళ దగ్గరే ఉంది. అందరికీ కనబడుతూనే ఉంది. ఎవరూ ఆ మాట అనలేదు.

రత్నం ఇసుక కుప్పలోంచి ఒక గుప్పెడు తీసి చైర్మన్ గారి ముందు చేతులు చాపింది. "బాబూ, మీకు కావాల్సింది కూలిన గోడే కదా? కూలిపోనాది సూడండి. మీ బండి ఎత్తేస్తే ఇసకా కంకరా కలిసిపోయి దుమ్మయిపోతాది. మేమే కదా అదంతా ఏరేది, మాకు తెల్దా? ఇది సూడండి, దేనికది ఎలా ఇడిపోనాదో."

హైమ మేడం ఆ ఇసుక కాస్త అరచేతిలో పోసుకుని, భూతద్దం పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తలెత్తేసరికి ఆవిడ ముఖం వేరుగా ఉంది. "సార్, రేణువు మీద పాత సిమెంటు పెచ్చు లేదు. కొత్త ఇసుకలా ఉంది. యంత్రంతో ఎన్నిసార్లు నలగ్గొట్టినా మనకిది రాలేదు. యాసిడ్ పోస్తే కంకర కూడా పాడైపోయింది. ఇదెంత పులుసమ్మా?"

"ఏడాది పులుసు" అంది సూరమ్మ బాధగా.

చైర్మన్ గారు కాగితాలు తిరగేశారు. నిబంధన పైకి చదివారు. "'కూల్చగా వచ్చిన పదార్థంతో తిరిగి ఏదేని కట్టడము నిర్మించి చూపవలెను.' ఇల్లంతా కూల్చాలని లేదు. కానీ మళ్ళీ కట్టి చూపించాలమ్మా. బుధవారం వస్తాను. ఏదైనా కట్టడం నిలబడితే ఇల్లు నీది. నిలబడకపోతే బండి వస్తుంది."

"గోడ మాత్రం అక్కడ కట్టొద్దే" అంది సూరమ్మ కోడలి చెవిలో.

ఆ సాయంత్రం పది ఇళ్ళవాళ్ళూ ఏడో నంబరులోనే ఉన్నారు. మంగవేణి రెండు డబ్బాల బియ్యప్పిండి తెచ్చింది. రత్నం గోడ ఇసుకను పులుపు పోయేలా కడిగి, అందులో హైమ మేడం తెచ్చిన కొత్త మేస్త్రుల్నీ పిండినీ కలిపి, ముందుగది మూల నేల తడిపి, ఆ మిశ్రమంతో గీత పెట్టసాగింది. గీత మీద గీత, మధ్య మధ్య నీళ్ళు. హైమ మేడం పుస్తకం పట్టుకుని పక్కన కూర్చుంది. "తిన్నగా ఒక్క గీత చాలు రత్నం. చిన్న గోడ చాలు."

రత్నం తలూపింది గాని, చేతికి ఆ సంగతి తెలియలేదు. చిన్నప్పుడు గీత కలపకుండా వదిలేస్తే వాళ్ళ అమ్మమ్మ వేళ్ళ మీద కొట్టేది. ముగ్గు నోరు తెరిచి ఉండకూడదు, బయల్దేరినచోటికే వచ్చి కలవాలి. ఇరవై ఏళ్ళ అలవాటు. గీత వంపు తిరిగింది, మూల తిరిగింది, నాలుగు వైపులా తిరిగి బయల్దేరినచోటే కలిసింది. మంగళవారం కూడా రత్నం దాని మీదే పొరలు వేసుకుంటూ పోయింది.

బుధవారం పొద్దున్నకు నాలుగు గోడలు మోకాలి ఎత్తు లేచి రాయిలా నిలబడ్డాయి. అసిరినాయుడు ఎక్కి తొక్కి చూశాడు. చెక్కుచెదరలేదు. అప్పుడు చూసుకుంది రత్నం. నాలుగు వైపులా గోడే. తలుపు లేదు, దారి లేదు, ఎందుకూ పనికిరాదు.

"ఇదేటే?" అన్నాడు అసిరినాయుడు. "నూతికి ఎత్తు సాలదు, గదికి గుమ్మం నేదు."

వీధిలో కమిటీ కారు ఆగింది. ఆ కంగారులో రత్నం చంకలో పిల్లను ఎక్కడ దించాలో తెలియక, ఆ నాలుగు గోడల మధ్య దించేసి చైర్మన్ గారికి ఎదురెళ్ళింది.

చైర్మన్ గారు కట్టడం చుట్టూ ఒకసారి తిరిగారు. చేతికర్రతో నాలుగు మూలలా కొట్టి చూశారు. "గట్టిదే. కాని ఏమిటమ్మా ఇది? కాగితం మీద ఏం రాసుకోను?"

రత్నం ఆ నాలుగు గోడల్లోకి చూసింది. లోపల మోక్షిత ఒక గోడ దగ్గరకు పాకింది, అడ్డం. రెండో గోడ దగ్గరకు పాకింది, అడ్డం. పదమూడు నెలల్లో మొదటిసారి ఆ పిల్లకు పొయ్యి అందలేదు, చీపురు అందలేదు, వాకిలి అందలేదు. నోట్లో పెట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

"దూడలకి దొడ్డి కట్టుకోరేటి బాబూ?" అంది సూరమ్మ. "ఇది పిల్లల దొడ్డి."

చైర్మన్ గారు కాగితం మీద 'శిశు ప్రాకారము, ఒకటి' అని రాసి, కింద సంతకం పెట్టారు. మంగవేణి వాకిట్లోంచే గోడ కొలత ఎంతని కేకేసింది. వెంటనే ఇంటికి పరిగెత్తి కేలండర్లన్నీ దించేసింది, ఆ పగుళ్ళలో బియ్యప్పిండి మెత్తడానికి.

అంతలో ఇంట్లో అందరూ ఒక్కసారి పిల్ల వైపు తిరిగారు. శిశు ప్రాకారానికి ఒకవైపు ఆనుకుని, దానికన్నా ఎత్తుగా, అడ్డగోడలో మిగిలిన ముక్క ఉంది. గీతలు పెట్టడానికని బియ్యం డబ్బా జరపడంతో దాని మీద ఆ బుల్లి రాతి చెయ్యి బయటపడింది. మోక్షిత చెయ్యి చాపి ఆ రాతి వేళ్ళు పట్టుకుంది. పట్టుకుని ఊగింది, తూగింది, లేచి నిలబడింది. పుట్టాక మొదటిసారి తన కాళ్ళ మీద తను నిలబడింది.

అసిరినాయుడు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. సూరమ్మ మెటికలు విరిచింది. చైర్మన్ గారు కూడా చప్పట్లు కొట్టారు.

మోక్షిత అందరి వైపూ ఒకసారి చూసి, ముందుకు వంగి, శిశు ప్రాకారాన్ని తీరిగ్గా నాకింది.

రత్నం గిర్రున హైమ మేడం వైపు తిరిగింది.

"మూత్రపిండాలకేం కాదు" అంది హైమ మేడం.